ఆరో టేబులు అర్జీ

కొత్తరేవులో నీలాంబరి బార్ అండ్ రెస్టారెంటు తెలియని మగవాడు లేడు. అందులో ఒక ఆర్కెస్ట్రా ఉందన్న సంగతి మాత్రం అక్కడ రోజూ కూర్చునేవాళ్లలో సగంమందికి తెలియదు. క్రికెట్టు చూపించే టీవీ ముందు గోడకి ఉంది, పాటలు పాడే వేదిక వెనక గోడకి ఉంది. అందుచేత కనకరత్నం పద్దెనిమిదేళ్లుగా జనం వీపులకి పాడుతోంది. బజార్లో ఎదురుపడి ఎవరైనా నమస్కారం పెడితే ఆమెకి మనిషి గుర్తురాడు. అతను రెండడుగులు ముందుకు వెళ్లాక, వీపు చూసి, ఏ టేబులో, ఏ పాట అడుగుతాడో చెప్పేస్తుంది.

ఆర్కెస్ట్రా అంటే ముగ్గురు. పూర్వం ఏడుగురుండేవారు. సత్తిరాజు మేస్టారు కీబోర్డు మార్చినప్పుడల్లా అందులో కొత్త బటన్లు వచ్చేవి, మనుషులు తగ్గేవారు. ఫ్లూటు ఆయన ఒక బటన్‌లోకి వెళ్లిపోయాడు, వయొలిన్లు రెండూ ఇంకో బటన్‌లోకి వెళ్లిపోయాయి. మిగిలింది కీబోర్డు మీద మేస్టారు, ప్యాడ్స్ మీద సమూయేలు, మైకు ముందు కనకరత్నం.

ఈ ముగ్గురికీ ఒక విద్య వచ్చు. ఏ కచేరీ విద్వాంసుడికీ రాని విద్య అది. తాగినవాడు లేచి వచ్చి మైకు లాక్కుని ఏ శ్రుతిలో మొదలుపెడితే ఆ శ్రుతిలోకి మేస్టారు క్షణంలో దిగిపోతాడు. వాడు తాళం తప్పితే సమూయేలు కూడా తప్పి, తప్పిందే తాళమని జనాన్ని నమ్మిస్తాడు. ఎవడు పాడినా పడిపోనివ్వకూడదు. అది ఆ ఆర్కెస్ట్రా పట్టుదల.

పాట కావలసినవాళ్లు చీటీ రాసి పంపుతారు. టిష్యూ పేపరు మీద, సిగరెట్టు పెట్టె అట్ట మీద, సీసా నుంచి ఊడబీకిన లేబులు వెనక. సర్వరు గవర్రాజు అవి పోగుచేసి వేదిక మీదికి తెస్తాడు. మొదట్లో కనకరత్నానికి చదవడం రాదు. గవర్రాజు చెవిలో చెప్పేవాడు. అతను చెప్పినదాన్నీ, చీటీ మీద ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూసి చూసి ఆమె అక్షరాలు పట్టుకుంది. ఆమె పలకా బలపం ఆ టిష్యూ పేపర్లే. ఇప్పుడు సోడాలో నానిన అక్షరమైనా చదువుతుంది. కాకపోతే నెమ్మదిగా.

ప్రతి సోమవారం సాయంత్రం ఆరో టేబులు నుంచి ఒకటే చీటీ వచ్చేది. పాత సినిమాలో పడవ మీద పాడే పాట. అడిగేది నూకరాజు. లంకలో డెబ్బై సెంట్ల కొబ్బరితోట ఉన్న మనిషి. తొమ్మిదేళ్ల కిందట భూముల లెక్కలు కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఎవరి చెయ్యి జారిందో, ఆ డెబ్బై సెంట్లూ పంటకాలువ అని నమోదయ్యాయి. నాటి నుంచీ అతను సర్కారు లెక్కలో కాలువలో కొబ్బరికాయలు దింపుతున్నాడు. నీటి పారుదలకి అడ్డం నిలబడ్డందుకు ఏటా ఒక నోటీసు కూడా అందుకుంటున్నాడు. ప్రతి సోమవారం పొద్దున్న అర్జీల హాలుకి వెళ్లి ఒక అర్జీ ఇచ్చేవాడు, సాయంత్రం బారుకి వచ్చి ఒక చీటీ ఇచ్చేవాడు. పొద్దుటిదానికి జవాబు రాదు, సాయంత్రందానికి వస్తుంది. ఆ ఒక్క జవాబుతో వారం గడుపుకునేవాడు.

అటువంటి నూకరాజు పాట ఒక సోమవారం తప్పిపోయింది. రెండో టేబులు దగ్గర ఎవరిదో పుట్టినరోజు. ఒకే పాట ఐదుసార్లు పాడించుకున్నారు. ఆరో టేబులు చీటీ గవర్రాజు చేతుల్లోంచి పచ్చడి గిన్నె కిందికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. నూకరాజు చివరిదాకా వేదిక వైపు తిరిగి కూర్చుని, ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయాడు. ఆ బారులో ముఖం కనిపించే మనిషి అతనొక్కడే. ఆ ముఖం అలా వెళ్లిపోవడం చూసి కనకరత్నానికి ఆ పూట అన్నం సయించలేదు.

మరుసటి సోమవారం ఏం జరిగిందో తర్వాత అతనే ఆమెకి చెప్పాడు.

అర్జీల హాల్లో ఆ రోజు కొత్త అధికారి కూర్చున్నారు. విన్నపాల పరిష్కార శాఖ జిల్లా అధిపతి శ్రీ పరాంకుశం గారు. జిల్లా అప్పటికి పరిష్కారాల్లో రాష్ట్రానికంతటికీ ఆఖరి స్థానంలో ఉంది. దానిని మొదటి స్థానానికి తేవలసిందని వారిని పంపారు.

"నీ కాలువ సంగతి సంబంధిత శాఖవారి చురుకైన పరిశీలనలో ఉన్నది," అన్నారు వారు. "అది అట్లుండనిమ్ము. మరి ఏదైనా విన్నపము కలదా? త్వరితగతిని పరిష్కరించదగినది?"

"ఇంకేం ఉంటాయండి బాబూ! నా మాట ఎక్కడ సాగుతాది కనక? ఆఖరికి బార్లో చీటీ ఇచ్చినా పాట పాళ్లేదండి."

పరాంకుశం గారు కలం కింద పెట్టారు. "చీటీ ఇచ్చితివా? లిఖితపూర్వకముగా?"

"టిష్యూ పేపరు మీదండి."

"స్వీకరించినవారెవరు?"

"గవర్రాజండి. పచ్చడి గిన్ని కింద పెట్టేడు."

"అనగా," అన్నారు పరాంకుశం గారు, హాలంతా వినిపించేలా, "ఒక పౌరుడి లిఖితపూర్వక విన్నపము ఏడు దినములుగా పచ్చడి గిన్నె క్రింద అపరిష్కృతముగా పడియున్నది!"

కాలువని తోట చేయడం వారి వల్ల కాదు. దానికి నాలుగు శాఖలు కదలాలి. పాట పాడించడానికి ఎవరూ కదలనక్కరలేదు. వారి కళ్లలో వెలుగు కనిపించిందని నూకరాజు అన్నాడు.

బుధవారానికి బారుకి ఉత్తర్వు వచ్చింది. యజమాని చినబ్బులు గారు నిలబడి చదవడం మొదలుపెట్టి, రెండో పేజీకి కూర్చున్నారు.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా," అని ఉంది అందులో, "లైసెన్సు పొందిన ఆవరణలో పౌరుడు వ్రాసి ఇచ్చు ఏ కోరికయైనను అర్జీగానే పరిగణించవలెను. రశీదు ఇవ్వవలెను. వరుసక్రమము తప్పరాదు. పాట ముగిసిన పిమ్మట అర్జీదారునిచే సంతృప్తి పత్రముపై సంతకము తీసుకొనవలెను. అర్జీదారుడు అసంతృప్తి వ్యక్తపరచినచో, జిల్లా అధికారి స్వయముగా, ఆ దినముననే, మూల ఫైలుతో సహా విషయస్థలమునకు వెళ్లి విచారించవలెను."

చివరి వాక్యం పరాంకుశం గారు స్వయంగా చేర్చారు. వినడానికి గంభీరంగా ఉంటుందని. పాట విని అసంతృప్తి చెందేవాడు ఎలాగూ ఉండడు.

"పాటకి రశీదేంటండి బాబూ!" అన్నారు చినబ్బులు గారు. "రేపు జంతికలకి పంచనామా రాయమంటారేమో."

గవర్రాజుకి ఒక రబ్బరు ముద్ర, ఒక ఇంకు డబ్బా, 'స్వీకరణాధికారి' అన్న బిళ్ల ఇచ్చారు. మొదటిరోజు సిగ్గుపడ్డాడు. మూడోరోజుకి ఐసు తెమ్మంటే తేవడం మానేశాడు.

"నేనిప్పుడు స్వీకరణ మీదున్నానండి," అనేవాడు. "ఐసు ముక్కలు నా పరిధిలోకి రావండి."

వరుస తప్పకూడదు కనక అర్జీదారుడు ఇంటికి వెళ్లిపోయినా అతని వంతు వచ్చినప్పుడు ఖాళీ కుర్చీకి పాట పాడేవారు. బాత్రూములో ఉంటే ఆగేవారు. ఒకసారి అర్జీదారుడు అక్కడే కునుకు తీస్తే బారంతా ముప్పావుగంట నిశ్శబ్దంగా నిరీక్షించింది. ఎవరైనా "వన్స్ మోర్" అని అరిస్తే అది పునఃపరిశీలన అర్జీ. దానికి పసుపురంగు కాగితం.

జిల్లా ఆఖరి స్థానం నుంచి మూడో స్థానానికి ఎగబాకింది. పరాంకుశం గారి ఫోటో పేపర్లో పడింది.

అప్పుడు రాజధాని నుంచి తనిఖీదారులు అభ్యంతరం పెట్టారు. సంతృప్తి పత్రాల మీద సంతకాలన్నీ కిందికి జారుతున్నాయి. కొన్ని కాగితం దాటి టేబులుగుడ్డ మీద పూర్తయ్యాయి. ఒకాయన తన సంతకం బదులు చినబ్బులు గారి సంతకం పెట్టాడు.

పరాంకుశం గారు బారుకే వచ్చి వేదిక ఎక్కి వివరించారు. "అర్జీ మద్యము సేవించి ఇవ్వవచ్చును. అది ఆవేదన. సంతృప్తి మాత్రము మద్యము సేవించి చెందరాదు. అది రికార్డు."

"అయితే ఏం చేద్దామంటారండి?" అన్నాడు సత్తిరాజు మేస్టారు.

"పాటలన్నియు సోమవారము ఉదయము పది గంటలకు అర్జీల హాలులో పాడవలెను. అర్జీదారులకు ఇంటికి నోటీసులు పంపుదుము. పరగడుపున వచ్చి వినెదరు."

అలా కొత్తరేవు బారు ఆర్కెస్ట్రా పొద్దున్నే ఆటోలో కీబోర్డు, ప్యాడ్స్, రెండు స్పీకర్లు వేసుకుని ఆఫీసుకి వెళ్లడం మొదలైంది. గుమ్మంలో ఒకతను గొట్టంలోకి ఊదించి లోపలికి పంపేవాడు. తెలివిలో ఉన్న మగవాళ్లు తాము అసలు ఏ పాటా అడగలేదని ప్రమాణాలు చేశారు. రెండోవారం ఒకావిడ మొగుడి నోటీసు పట్టుకుని వచ్చింది.

"మా ఆయన రానంటన్నాడండి. మంచం కింద దూరేడు. పాడండి, ఏం పాట అడిగేడో నేనూ వింటాను."

కనకరత్నం పాడింది. మొదటి చరణం అవగానే ఆవిడ చెయ్యెత్తింది.

"ఆగమ్మా. ఆ మోకాళ్లదాకా జడెవరిదంట? నాకు జడ ఇంతే కదా?"

కనకరత్నం మైకు కిందికి దించింది. "పాట రాసినాయన్ని అడగాలమ్మా," అంది.

"ఆయన్ని తర్వాత అడుగుతాలే. ముందు ఈయన్ని అడగాలి," అని ఆవిడ సంతకం పెట్టకుండా వెళ్లబోయింది. పరాంకుశం గారు అడ్డం వెళ్లి బతిమాలి, "విని తెలుసుకొనుటయు సంతృప్తియే" అని ఒప్పించి సంతకం తీసుకున్నారు.

ఇలా ఉండగా హాల్లో ఒక పొరపాటు జరిగింది.

సోమవారం కనక మామూలు అర్జీలవాళ్లూ అదే హాల్లో కాచుకుని ఉండేవారు. వాళ్లలో మంగాయమ్మ ఒకర్తె. కొబ్బరిపీచు పేని పేని ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. మిషను మీద వేలు పెడితే, ఆ వేలు మంగాయమ్మది కాదని మిషను చెప్పింది. పింఛను ఆగిపోయింది. ఆ రోజు కనకరత్నం ఎవరికోసమో జోలపాట పాడుతుంటే మంగాయమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. బంట్రోతు సంతృప్తి పత్రాల కట్ట వరుసలో పంచుతూ ఆమె ముందు కూడా ఒకటి పెట్టాడు. హాజరు వేయించుకుంటున్నారనుకుని ఆమె వేలిముద్ర వేసింది. మిషను ఒప్పుకోని వేలిని కాగితం మారుమాట లేకుండా ఒప్పుకుంది.

సాయంత్రానికి కంప్యూటరులో మంగాయమ్మ పింఛను అర్జీ 'పరిష్కృతము, సంతృప్తికరము' అని పచ్చరంగులోకి మారింది.

గుమాస్తా భయపడుతూ వచ్చి చెప్పాడు. పరాంకుశం గారు చాలాసేపు ఆ పచ్చరంగు వైపు చూశారట. తర్వాత లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, తిరిగి వచ్చి, "ఒక పాటకు పింఛను సమస్య తీరినది," అన్నారట నెమ్మదిగా. "అన్ని సమస్యలకును ఒక్కొక్క పాట ఉండకపోవునా?"

వారంలో అనుబంధ ఉత్తర్వు వచ్చింది. పింఛన్లకి జోలపాట. మురుగుకాలవలకి జానపదం. కుళాయి నీళ్లు రానివారికి వానపాట. పాసుపుస్తకాలు, సరిహద్దు తగాదాలకి పాత సినిమా మెలోడీ, రెండు చరణాలకి మించకుండా. ఒకే వీధివాళ్లయితే కలిపి ఒక పాట చాలు.

జనం కాదనలేదు. ఏళ్ల తరబడి ఆ హాల్లో వాళ్లని కూర్చోమన్నవాడు లేడు. ఇప్పుడు కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, పేరు పిలిచి, వాళ్లకోసమే ఒక మనిషి పాట పాడుతోంది. బావుందా అని అడిగితే బావుందన్నారు. ఇక్కడ పెట్టమంటే పెట్టారు. మూడు సోమవారాల్లో నాలుగువేల అర్జీలు పచ్చబడ్డాయి.

సత్తిరాజు మేస్టారు ఆనందానికి అంతులేదు. "కనకం, చూసేవా?" అన్నాడు మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచినప్పుడు. "పద్దెనిమిదేళ్లు వీపులకి పాడేం. ఇప్పుడు మొహాలు! మొహాలమ్మా! ఆ ముసిలాయన ఏడుస్తున్నాడు చూసేవా?"

"చూసేను మేస్టారూ. ఎందుకేడుస్తన్నాడో కనుక్కున్నారా?"

"నీ పాటకేనమ్మా."

"ఇల్లు కూలిపోయిందంటండి."

మేస్టారు పెరుగన్నం కలుపుకోవడంలో పడ్డాడు.

కనకరత్నం బెంచీ మీద ఉన్న సంతృప్తి పత్రం ఒకటి చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్లూ ఆమె దానిమీద పాట పేరు ఉన్న గడి మాత్రమే చూసేది. చీటీల అలవాటు. ఇప్పుడు వేలు పెట్టి మొదటి నుంచీ కూడబలుక్కుంది. సంతకం గీత పైన, చీమల బారులాగా సన్నటి అక్షరాలు. 'నా అర్జీ నాకు పూర్తి సంతృప్తి కలిగించు విధముగా పరిష్కరింపబడినది. ఇకమీదట ఇదే విషయమై నేను గాని నా వారసులు గాని ఎచ్చటను అర్జీ పెట్టుకొనము.'

రెండోసారి చదివింది. తప్పు చదివానేమోనని మూడోసారి చదివింది. నాలుగువేలమంది ఆమె గొంతు విని ఆ గీత మీద సంతకం పెట్టారు. మంగాయమ్మకి అది చదివి చెప్పినవాళ్లు లేరు.

"సమూయేలూ, ఇది చదివేవా?"

సమూయేలు చదివి, ప్యాడ్ పుల్లలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "పాపం చేసేమక్కా," అన్నాడు.

ఆ సాయంత్రమే పరాంకుశం గారు ముగ్గుర్నీ పిలిపించారు. వచ్చే సోమవారం రాజధాని బృందం వస్తోంది. జిల్లాలో పెండింగు సున్నా అని తేలితే ఈ ఆర్కెస్ట్రాని శాశ్వత ప్రాతిపదికన 'జిల్లా విన్నపాల పరిష్కార వాద్యబృందము'గా నియమిస్తారు. సర్కారు ఉద్యోగం, యూనిఫారం. తేలకపోతే బాధ్యత ఆర్కెస్ట్రాదే. నీలాంబరిలో పాడేందుకు ఇచ్చిన అనుమతి కూడా రద్దవుతుంది.

"మిగిలియున్నది ఒక్కటే అర్జీ," అన్నారు వారు. "నూకరాజు. కాలువ. అతడు కోరుకున్న పాటయే. అదృష్టవంతుడు."

సోమవారం పొద్దున్న నూకరాజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తొమ్మిదేళ్ల కాగితాలు ప్లాస్టిక్ సంచీలో పెట్టుకుని హాలు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కనకరత్నం పక్కన కూర్చుంది.

"నూకరాజన్నా, ఇయాళ నీ పాట పాడిస్తన్నారు."

"చెప్పేరమ్మా! పెద్దపెద్దోళ్లు వచ్చేరంట. అందరి ముందూ నా పాట. మా ఇంటిదాన్ని కూడా రమ్మన్నాను గానీ ఆవుకి ఒంట్లో బాగోలేదు."

"పాటయ్యాక ఒక కాగితం ఇస్తారు. సంతకం పెట్టకు."

"ఏం?"

"పెడితే నీ తోట ఎప్పటికీ కాలవే. నీ పిల్లలు కూడా అడగడానికి లేదు. నేను చదివేను."

నూకరాజు సంచీ నిమురుకున్నాడు. "ఏం అడుగుతారమ్మా నన్ను?"

"పాట బావుందా, సంతోషమేనా అని అడుగుతారు."

"మరి నువ్వు పాడితే బావుంటాది కదమ్మా. ఇంతమందిలో నిలబడి, నువ్వు పాడిన పాట బాగోలేదని ఎలా అంటాను? నేను అబద్ధం ఆడే మనిషినైతే తొమ్మిదేళ్ల కిందటే అది కాలవేనని ఒప్పేసుకుని చేపలు పట్టుకునే లైసెన్సు తీసుకుందును కదా. తీసుకోమని చెప్పేరు కూడాను."

అతను నిజంగా ఆడలేడు. కనకరత్నానికి ఆ సంగతి తెలుసు. లోపలికి పిలిచారు.

హాలు నిండిపోయింది. రాజధాని బృందం ముందు వరుసలో. వారి పక్కన కుర్చీలో నూకరాజు ఒక్కడూ. వెనక నిలబడ్డ జనంలో మంగాయమ్మ. మేస్టారు శ్రుతి ఇచ్చాడు. కనకరత్నం మైకు పట్టుకుంది. ఆ పాట ఆమె గొంతులోకి ఎన్ని వందలసార్లు వచ్చి వెళ్లిందో, దానికి దారి కూడా చూపించనక్కరలేదు. ఆమె కళ్లు మూసుకుని, శ్రుతికి అర మెట్టు కింద అందుకుంది.

మేస్టారు ఉలిక్కిపడ్డాడు. కానీ చేతులు ఉలిక్కిపడలేదు. అవి బారులో పెరిగిన చేతులు. ఒక్క క్షణంలో కీబోర్డు శ్రుతి మార్చి ఆమె కిందికి వచ్చేశాయి. పాట అద్భుతంగా కుదిరింది. రాజధాని వారు తల ఊపారు.

కనకరత్నం పైకి జారింది. మేస్టారు పైకొచ్చాడు. తాళం వదిలి రెండు మాత్రల ముందు ఎత్తుకుంది. సమూయేలు అక్కడే ఉన్నాడు. సాగదీసింది, అతనూ సాగదీశాడు. పడిపోదామని ఆమె ఎక్కడికి పరిగెత్తినా వాళ్లిద్దరూ ముందే వెళ్లి కింద దుప్పటి పరుస్తున్నారు. పల్లవి అయ్యేసరికి నూకరాజు కళ్లలో నీళ్లు. పరాంకుశం గారు సంతృప్తి పత్రం మూత తీసిన కలంతో సహా పట్టుకుని నిలబడ్డారు.

చరణానికి ముందు సంగీతం వస్తుండగా కనకరత్నం మైకు పక్కకి తిప్పి వంగింది.

"మేస్టారూ, మీకు దణ్ణం పెడతాను. నన్ను పడనివ్వండి."

మేస్టారు ఆమె వంక చూశాడు. ముందు వరుసలో ప్లాస్టిక్ సంచీ వంక చూశాడు. గోడకి తగిలించిన కొత్త యూనిఫారాల వంక కూడా ఒకసారి చూశాడు. అవి ముదురు నీలం, జేబుకి బంగారు అంచు. తర్వాత నిట్టూర్చి, రెండు చేతులతో, ఆ పాటకి సంబంధంలేని ఒక శ్రుతి నొక్కి పట్టుకున్నాడు. సమూయేలు పెళ్లి ఊరేగింపు దరువు అందుకున్నాడు.

ఆ చరణం ఎలా ఉందంటే, బయట చెట్టు కింద పడుకున్న కుక్క లేచి రోడ్డు దాటి వెళ్లిపోయింది. పడవ మునిగింది. పడవ మీది మనిషీ మునిగాడు. కనకరత్నం పద్దెనిమిదేళ్లు గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్న గొంతుని చేతులారా నేలకేసి కొట్టింది. అయినా రెండో చరణం కూడా వదల్లేదు.

పాట ముగిసింది.

"నూకరాజు," అన్నారు పరాంకుశం గారు, నవ్వు పోగుచేసుకుంటూ. "పాట సంతృప్తికరముగా ఉన్నదా?"

నూకరాజు లేచి నిలబడ్డాడు. కనకరత్నం వంక చూసి, "అమ్మా, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు. అతను కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు, తర్వాత అధికారుల వైపు తిరిగాడు. "లేదండి. ఏమీ బాగోలేదండి. ఇంత దారుణంగా ఎవరు పాడగానూ నేను వినలేదండి."

నిజం కనక గట్టిగానే చెప్పాడు.

"ఆలోచించి చెప్పుము!"

"ఎన్నిసార్లు అడిగినా అంతేనండి."

రాజధాని బృందంలో కళ్లజోడు ఆవిడ ఉత్తర్వు పుస్తకం తిరగేశారు. "పరాంకుశం గారూ, అసంతృప్తి వ్యక్తమైనచో జిల్లా అధికారి ఆ దినముననే మూల ఫైలుతో సహా స్వయముగా స్థలమునకు వెళ్లవలెనని మీరే వ్రాసితిరి. చక్కటి నిబంధన. మేము కూడా వచ్చి చూచెదము."

మధ్యాహ్నం రెండు గంటలకి మూడు జీపులు లంకలో దిగాయి. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ ఫైలు ఎండ చూసింది. కళ్లజోడు ఆవిడ కొబ్బరిచెట్ల మధ్య నిలబడి, "కాలువ ఎక్కడ?" అని అడిగారు.

"మీరు కాలువలోనే ఉన్నారు మేడమ్," అన్నారు పరాంకుశం గారు, ఫైలు చూసి.

ఆవిడ వంగి తన చెప్పులు చూసుకున్నారు. దుమ్ము ఉంది. సర్వేయరుని పిలిపించారు. సాయంత్రం ఆవు పాలు పితికే వేళకి నూకరాజు తోట తోటయింది.

జిల్లాలో పెండింగు సున్నా కాలేదు. పరాంకుశం గారిని మరింత ఉన్నతమైన, ఏ పనీ లేని హోదాకి మార్చారు. వెళ్లేముందు వారు చివరిసారిగా ఒక మెమో పంపారు. 'ఉద్దేశపూర్వక అపస్వరమునకు గాను నీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను.' కనకరత్నం అది నెమ్మదిగా, రెండుసార్లు చదివింది. టిష్యూ పేపరు మీద, 'ఆ రోజు శ్రుతి నాకు అందలేదండి' అని రాసి పంపింది. ఆమె తన చేత్తో రాసిన మొదటి ఉత్తరం అదే.

బారులో అనుమతి పోయింది. అయితే ఆ రెండు ఉత్తర్వుల్నీ రద్దు చేయాలని మాత్రం ఎవరికీ గుర్తురాలేదు. కొత్త అధికారి ఇంకా రాలేదు. అందుచేత మరుసటి సోమవారం కూడా పదింటికి హాల్లో ఆర్కెస్ట్రా హాజరు కావలసిందేనని గుమాస్తా కబురు పెట్టాడు.

ఆటో మలుపు తిరిగేసరికి మేస్టారు "అమ్మో!" అన్నాడు. హాలు గుమ్మం నుంచి రోడ్డుదాకా జనం. అందరి చేతుల్లో రబ్బరు ముద్ర పడ్డ పసుపు కాగితాలు. పునఃపరిశీలన అర్జీలు. సంతకం పెట్టినవాడు అర్జీ పెట్టకూడదు గానీ, వన్స్ మోర్ అనకూడదని ఉత్తర్వులో ఎక్కడా లేదు. ఆ సంగతి కనిపెట్టింది గవర్రాజు. గుమ్మం పక్కన బల్ల వేసుకుని, బిళ్ల తగిలించుకుని, ఒక్కడే ఊరంతటికీ ముద్రలు వేస్తున్నాడు.

మొదటి వరుసలో మంగాయమ్మ కూర్చుని ఉంది. కనకరత్నం రాగానే చెయ్యి పట్టుకుంది.

"తల్లీ, మొన్న నేను విన్న జోలపాట మళ్లీ పాడమ్మా. నూకరాజుకి పాడేవు చూడు, అలా పాడు. వాడిదానికంటే కాస్త ఎక్కువే చెడగొట్టు. నాది రెండేళ్ల నుంచీ ఆగిపోయింది."

వెనక నుంచి ఎవరో, "మా వీధికి కూడానమ్మా, మురుగుకాలవ, గట్టిగా చెడగొట్టాలి!" అని అరిచారు.

కనకరత్నం హాలంతా చూసింది. ఒక్క వీపు లేదు. మైకు అందుకుని గొంతు సవరించుకుంది. వేలు కీబోర్డు మీద పెట్టబోతున్న సత్తిరాజు వైపు తిరిగింది.

"మేస్టారూ," అంది, "ఇయాళ శ్రుతి ఇవ్వకండి."